తాళం నా దగ్గరున్నది

నా కొట్టంలకు నేనే
తలుపు కొట్టి పోత.
మెల్లగ రెండుసార్లు కొట్టి, ఒక దగ్గు దగ్గి,
జరసేపు ఆగుత,
ఎవలు ఏడికి సర్దుకోవాల్నో సర్దుకునేదాక.

హసన్‌పర్తి దాటినంక మూడు గుంటల జాగ.
నాలుగు జామచెట్లు, పందిరి మీద బీరతీగ,
మూలకు రేకుల కొట్టం.
ఏనుమాముల మార్కెట్ల ముప్పయ్యేండ్లు కాంటా పట్టినోన్ని,
బస్తాల లెక్క నిద్రల లేపి అడిగినా చెప్త.
ఈ కొట్టం లెక్కే తేల్తలేదు.

కాయితం మీద నాది.
గడ్డపార నాది, పార నాది,
పిచికారి పంపు నాది,
దాని మూతిల కందిరీగ మట్టి వెట్టి ఇల్లు కట్టుకున్నది,
ఇప్పుడది ఎవలదో తెల్వది.
నీళ్ల క్యాను ఎనుక బోదురుకప్ప,
అడ్తి సేటు లెక్క పొట్ట ముందరేసుకొని
నేనే దాని గద్దె కాడికి అప్పుకొచ్చినట్టు చూస్తది.

ఎలుకల సంగతి అడగకు.
బీరగింజలు పోయినయి, సోరగింజలు పోయినయి,
వేపపిండి బస్తా మాత్రం ముట్టలే.
రబ్బరు చెప్పుల జతల
ఒకటి కొరికి ఒకటి ఇడిసిపెట్టినయి.
కొరికితే రెండూ కొరకాలె గదా,
ఒంటి చెప్పు ఏం చేసుకోను?

మొగిలి దుకాన్ల జిగురు అట్ట తెచ్చిన.
"ఒక్క రాత్రే కాకా,
పొద్దుగాల మడిచి పారేసుడే" అన్నడు.

పొద్దుగాల అట్ట మీద ఎలుక లేదు.
బల్లి ఉన్నది.
సప్పుడు లేదు, కదులుడు లేదు,
గొంతు కింద మాత్రం
చిన్న గుడ్డపేలిక ఎగిరినట్టు కొట్టుకుంటున్నది.
బల్లి మన మీద పడితే ఏం ఫలమో
పంచాంగంల వరుసగ రాసి ఉంటది,
తలకింత, భుజానికింత.
మనం బల్లి మీద పడితే ఏం ఫలమో
ఎవలూ రాయలే.

ఓదెమ్మ గంటెల పల్లినూనె తెచ్చింది.
చీపురుపుల్లతోని
ఒక్కొక్క ఏలు, ఒక్కొక్క ఏలు,
ఉబ్బిన ఏలి నుంచి ఉంగరం తీసినట్టు తీసినం.
బల్లి రేకు మీదికి పోయింది.
తోక అట్ట మీదనే ఉండి
ఇంకా కొట్టుకుంటున్నది,
తనను మర్చిపోయిండ్రని చెప్పినట్టు.

అప్పటిసంది గింజలన్ని రంగు డబ్బల పోసి
తీగతోని పైకి ఏలాడగట్టిన.
కింది అర ఇడిసిపెట్టిన.
"కిరాయన్న అడగరాదా" అని ఓదెమ్మ నవ్వింది.

మిరుగు ఎల్లినంక మొదటి పెద్ద వాన.
గొంగడి కోసం పాత ట్రంకు పెట్టె తెరిస్తే
గొంగడి కింద నా కాంటా చిట్టీల సంచి.
సంచి లేదు, చిట్టీలు లేవు,
సేమియా లెక్క సన్నగ చీరిన కాయితాలల్ల
ఆరు పిల్లలు, ఎర్రగ,
పొట్టు తీసిన పల్లిగింజలంత.
కండ్లు తెరవలే ఇంకా.
అంచుకు ఒక ముక్క మీద నా రాత,
గుండ్రంగ, నీలం సిరా:
"తరుగు 2 కిలోలు."

ఎవల బస్తానో యాది లేదు.
పత్తో మిర్చో యాది లేదు.
రైతు టవాల దులిపి భుజాన ఏసుకున్నది యాదున్నది.
ఏమన్లే ఆయన.
నేను బండ్ల రాసిన, చింపిన, ఇచ్చిన,
తర్వాతి బస్తా ఎక్కించుమన్న.

గొంగడి అట్లనే కప్పి
తడుసుకుంట ఇంటికి పోయిన.

బతుకమ్మ పండుగ ముంగట
ట్రంకు ఎనుక జెర్రిపోతు కుబుసం దొరికింది,
నా కంటె పొడుగు, పలసగ, కండ్ల కాడ కూడ గాజులేసినట్టు.
పెట్టె మూత జరంత తెరిచే ఉన్నది.
లోపల కాయితాల తుక్కు, వెచ్చదనం పోయి.
ఎత్తి పోయబుద్ధి కాలే.
మూత మాత్రం పెట్టిన.

కింది అరల నిన్న
గుప్పెడు సోరగింజలు పెట్టిన,
తూకమెయ్యకుండ.
ఎవలొస్తరో తెల్వది.
కప్ప నన్ను చూసింది,
నేను చిట్టీ రాస్తనేమోనని.